మిష్మిషా ఎవరిని కరిచింది

ఇన్‌షిరాహ్ చేతి కుందేలంటే సముద్రం ఒడ్డున ఉన్న అన్‌ఫూషీ పేట సందుల్లో ఒక పేరుండేది. గురువారం సాయంత్రానికే ఆడవాళ్ళు ఐదంతస్తుల మెట్లెక్కి డాబా మీదికి వచ్చి, గూళ్ళలో తమకు కావలసినదాన్ని వేలు పెట్టి చూపించి పోయేవారు. శుక్రవారం పొద్దున్నే ఆమె బిస్మిల్లా అని కోసి, తోలు ఒలిచి, ముక్కలు కొట్టి ఇచ్చేది. మధ్యాహ్నం నమాజు అయ్యేసరికి వీధి వీధంతా మొలోఖియా ఆకుకూర పులుసులో పడిన వెల్లుల్లి తాలింపు వాసనే. తిన్నవాళ్ళందరూ ఆమె చేతిని మెచ్చుకునేవారు. మెచ్చుకోని మనిషి ఒక్కడు, ఆమె ఇంట్లోనే ఉండేవాడు. ఆమె మొగుడు ఖమీస్.

ఖమీస్ పని సముద్రపు గోడ దగ్గర. కోట చూడటానికి వచ్చినవాళ్ళ మెడలో కొండచిలువను వేసి ఫోటోలు తీసేవాడు. దాని ఒళ్ళు బాగా పండిన మిష్మిష్, అదే ఆప్రికాట్ పండు, పసుపు రంగులో ఉంటుందని మిష్మిషా అని పేరు పెట్టుకున్నాడు. మనిషి నిలువుకు ఇంకో రెండు మూరలు పొడవు. కొత్త పెళ్ళికొడుకులు, సెలవు మీద వచ్చిన సిపాయిలు, చంకలో పిల్లలున్న తల్లులు, ఎవరి భుజాల మీద వేసినా ఉతికి ఆరేసిన దుప్పటిలా పడి ఉండేది. ఇంటికొస్తే పడకగదిలో గోడవారన ఉన్న చెక్కపెట్టెలో దాని కాపురం.

"నా సవతి లేచిందా?" అని ఇన్‌షిరాహ్ పొద్దున్నే అడిగేది. నవ్వుతూనే అడిగేది కానీ, ఆ నవ్వులో సగం నిజం ఉండేది. ఎందుకంటే ఆ పెట్టె మూత ఎత్తబోయే ముందు ఖమీస్ మోచేతుల దాకా ఆలివ్ నూనె సబ్బు రాసి కడుక్కునేవాడు. ఆమె వండినది తిని లేచాక కడిగేవాడు. ఆమె చేతిలోంచి టీ గ్లాసు అందుకున్నా సరే, పాముని పట్టుకోవాలంటే మళ్ళీ వెళ్ళి కడిగేవాడు.

"నా చెయ్యి తగిలితే అంత రోతా నీకు?"

"వాసన."

"ఏం వాసన?"

"వాసనంటే వాసనే."

మాటల్ని దాచిపెట్టుకుని బతికే మనిషి. ఒకసారి మూత తీసి ఉంటే ముచ్చటపడి, డాబా మీంచి దిగివస్తూనే ఆమె లోపలికి చెయ్యి చాపింది. ఖమీస్ ఆ చేతిని కొట్టినంత పని చేసి పక్కకు తోసేశాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. అతను కారణం చెప్పనూ లేదు. అప్పుడప్పుడూ డాబా మీది ముసలి కుందేలొకదాన్ని తీసుకుపోయి, గది తలుపు వేసుకుని పాముకి పెట్టేవాడు. తాను పెంచినదాన్ని అది ఎలా మింగుతుందో చూడాలని ఇన్‌షిరాహ్‌కి ఎన్నడూ అనిపించలేదు.

ఆ శుక్రవారం ఆమె ఇంకా డాబా మీదే ఉంది. కింద వీధిలోంచి టీ అమ్మే సలామా, అందరిలాగే ఆమెను కూతురి పేరుతో బుతైనా తల్లీ అని పిలుస్తూ, కేక వేశాడు.

"ఉమ్మ్ బుతైనా, తొందరగా రా. ఖమీస్ పడిపోయాడు."

కత్తి అక్కడే పడేసి, ముందు కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా పరుగెత్తింది. గోడ దగ్గర జనం వలయం కట్టి ఉన్నారు. మధ్యలో ఖమీస్ వెల్లకిలా పడి ఉన్నాడు. మూతి ఒక పక్కకు జారిపోయి ఉంది. మిష్మిషా అతని మెడ మీదుగా, ఛాతీ మీదుగా రెండు చుట్లు వేసుకుని పడుకుంది. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ పట్టుకుని దూరంగా నిలబడ్డారు.

"ముందు దాన్ని తియ్యమ్మా. మేం ముట్టుకోం," అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఇన్‌షిరాహ్ మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి చాపింది. పాము తల లేచింది. నాలుక గబగబా ఆడింది. మెడ కొడవలిలా వంగింది. ఆమె చెయ్యి ఎటు కదిలితే తల అటే తిరిగింది. తర్వాత ఏం జరిగిందో ఆమె కంటికి ఆనలేదు. చూసేసరికి దాని నోరు ఆమె ముంజేతి మీద ఉంది, ఒళ్ళు ఖమీస్ మీంచి జారి ఆమె చేతికి చుట్టుకుంటోంది.

"యజమానికి కాపలా కాస్తోంది," అన్నారెవరో గుంపులో.

"పెళ్ళాన్ని కూడా దగ్గరికి రానివ్వట్లేదు చూడు," అన్నారు ఇంకెవరో.

సలామా సీసాలు చల్లబెట్టుకునే బకెట్టులోని ఐసు నీళ్ళు దాని తల మీద కుమ్మరించాడు. కాసేపటికి నోరు వదిలింది. చుట్లు సడలి మళ్ళీ ఖమీస్ భుజం మీదికి జారింది. అప్పుడు గుంపులోంచి కళ్ళద్దాలాయన ఒకడు ముందుకొచ్చాడు. ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పే వహ్బా అని తర్వాత తెలిసింది. సన్నగా, గట్టిగాలి వస్తే పడిపోయేలా ఉన్నాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ వణికే చేతుల్తోనే పాముని నడుం దగ్గర పట్టి ఎత్తాడు. అది మారు మాట్లాడకుండా, చుట్టపు ఇంటికి వెళ్ళినట్టు, ఆయన మెడ మీదికి వెళ్ళిపోయింది.

అంబులెన్సులో ఖమీస్ పక్కన కూర్చుని, చేతికి గుడ్డ చుట్టుకుని, ఇన్‌షిరాహ్ ఏడవలేదు. ఎటు ఏడవాలో తెలియలేదు. మొగుడు పోతాడేమోనన్న భయం ఒకవైపు. దారిన పోయే మనిషికి లొంగిన పాము తనని కరిచిందేమిటన్న ప్రశ్న ఇంకోవైపు. ఇలాంటి వేళ ఆ రెండోది మనసులోకి రావడమే ఆమెకు సిగ్గనిపించింది. అయినా వచ్చింది, వచ్చి పోలేదు.

ఖమీస్ బతికాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది, ఒక్క మాట తప్ప. ఆ మాట "మంగళవారం".

మంచినీళ్ళు కావాలన్నా మంగళవారం. దిండు సరిచెయ్యమన్నా మంగళవారం. కోపం వస్తే అదే మాట గట్టిగా. డాక్టరు, "ఆయన చెప్పాలనుకునేది వేరమ్మా, బయటికొచ్చేది మాత్రం అదే. దానికి అర్థం వెతక్కండి," అన్నాడు. వెతకవద్దంటే మనసు ఊరుకుంటుందా?

ఎదురింటి ఉమ్మ్ రమ్జీ అయితే ఆ మొదటి వారమే తేల్చేసింది. "ఏదో మొక్కు ఉండి ఉంటుంది ఉమ్మ్ బుతైనా. సీదీ దర్గాకి మంగళవారం కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకుని మర్చిపోయి ఉంటాడు మీ ఆయన."

ఇన్‌షిరాహ్ వెళ్ళి వెలిగించి వచ్చింది. బుధవారం పొద్దున ఖమీస్ కళ్ళు తెరిచి, "మంగళవారం," అన్నాడు.

"మరి ఇంకో మొక్కేమో," అంది ఉమ్మ్ రమ్జీ తడుముకోకుండా.

మిష్మిషా సంగతి ఇంతకన్నా అంతుపట్టలేదు. దమన్‌హూర్‌లో కాపురముంటున్న కూతురు బుతైనా వచ్చి తండ్రిని చూసి ఏడ్చి, తల్లి చేతి మీది గాట్లు చూసి ఇంకా ఏడ్చింది. "దాన్నెవరికైనా ఇచ్చెయ్యమ్మా. నిన్ను మింగేదాకా ఉంచుకుంటావా?"

"మీ నాన్న చూస్తూ ఉంటాడు కదే దాన్ని."

"నాన్న చూస్తాడు. అది నిన్ను చూస్తోంది."

నిజంగానే చూసేది. ఆమె గదిలోకి అడుగుపెడితే చాలు, పెట్టె జాలీ వెనక తల లేచి, ఆమె ఎటు నడిస్తే అటు తిరిగేది. ఉమ్మ్ రమ్జీ అగరు పొగ వేయించింది. "సవతి సవతని నువ్వే అన్నావు ఇన్నేళ్ళూ. అన్న మాట ఊరికే పోతుందా? నువ్వు మంచం దగ్గర కూర్చుంటుంటే ఓర్వలేకపోతోంది," అంది. ఇన్‌షిరాహ్ ఆమెను కసిరింది. కానీ ఆ రోజు నుంచి పెట్టెకి వీపు తిప్పి కూర్చోవడం మొదలెట్టింది.

ఒకరోజు ఖమీస్ చొక్కా తొడుక్కుని చూసింది. అతననుకుని ఊరుకుంటుందేమోనని ఆశ. డాబా మీద గూళ్ళు శుభ్రం చేసి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మూత ఎత్తింది. పాము చొక్కా చేతి అంచుని పట్టి చింపింది. ఆమె మూత దబాలున వేసి గోడకి ఆనుకుపోయింది. మంచం మీద ఖమీస్ మంగళవారం మంగళవారం అంటూ ఎడమచేత్తో ఒళ్ళంతా రుద్దుకున్నాడు. చలేస్తోందనుకుని ఆమె అతనికి దుప్పటి కప్పింది. అతను దాన్ని లాగి పారేశాడు. మంచం పట్టె మీద వేళ్ళ కణుపులతో టక్, టక్ మని కొట్టాడు. ఎవరైనా తలుపు కొడుతున్నారేమోనని ఆమె వెళ్ళి చూసి వచ్చింది. ఎవరూ లేరు. అతను కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. ఏం తప్పు చేశానని ఇలా ఏడుస్తున్నాడో ఆమెకి తెలియలేదు.

వహ్బా పరామర్శకు వచ్చినప్పుడు ఆ అయోమయం ఇంకా ముదిరింది. ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చుని మొహమాటంగా, "ఒకసారి దాన్ని చూడొచ్చా అమ్మా?" అన్నాడు. మూత ఆయనే ఎత్తాడు. మిష్మిషా నింపాదిగా పైకి వచ్చి ఆయన ఒళ్ళో సర్దుకుని, ఎప్పుడో ఒకసారి నాలుక బయటపెట్టి తీసుకుంటూ పడుకుంది.

"భయం లేనివాళ్ళని ఏమీ చెయ్యదంటారు, అదేనా ఉస్తాద్?" అంది ఇన్‌షిరాహ్ గుమ్మంలోంచే.

"భయమా? ఇప్పుడు కూడా కాళ్ళల్లో వణుకు ఉందమ్మా నాకు. చొక్కా తడిసిపోయింది చూడండి."

"మరి నన్నెందుకు కరుస్తుంది?"

"నాకు తెలీదమ్మా," అన్నాడు నిజాయితీగా. ఆ జవాబు ఆమెకి నచ్చింది, ఉపయోగపడలేదు. మొగుడి చుట్టూ తిరిగే పెళ్ళాన్ని ఓర్వలేకపోతోందన్నా, పిరికివాళ్ళని పట్టేస్తుందన్నా ఒక దారి ఉండేది. ఈయన ఆడదీ కాదు, ధైర్యవంతుడూ కాదు. అయినా ఆయన ఒళ్ళో నిద్రపోతోంది.

ఎండలు ముదిరే వేళకి కుందేళ్ళకు రోగం తగిలింది. సాయంత్రం బాగున్నవి పొద్దుటికి కాళ్ళు చాచేవి. గూళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయిపోయాయి. ఇన్‌షిరాహ్ వాటిని బ్లీచింగు నీళ్ళతో కడిగి ఎండబెట్టి, తలుపులు తెరిచి వదిలేసింది. కొయ్యడానికి ఏమీ లేదు. ఖమీస్ పక్కబట్టలు ఉతకడం, ఆరేయడం, మళ్ళీ ఉతకడం, ఇదే పని. చేతులు సబ్బు నీళ్ళకి నాని ముడతలు పడిపోయాయి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, డాబా మీంచి తెచ్చి మూలన పోసిన దుప్పట్ల కుప్పలో చెయ్యి పెట్టింది. ఆ కుప్ప కదిలింది. పెట్టె మూత గొళ్ళెం సరిగా పడలేదు కాబోలు, మిష్మిషా వచ్చి ఆ వెచ్చని బట్టల్లో దూరి పడుకుని ఉంది. ఇన్‌షిరాహ్ కొయ్యబారిపోయింది. పాము తల ఆమె మణికట్టు మీదికి వచ్చింది. నాలుక నెమ్మదిగా చర్మాన్ని తాకింది. ఇంకోసారి తాకింది. తర్వాత అది మోచేతి మీదుగా, భుజం మీదుగా ఎక్కి, ఆమె మెడ వెనక బరువుగా ఆగింది.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెకి తెలిసింది, దాని చర్మం జిగురుగా ఉండదని, పొడిగా, పాత తోలు సంచిలా నున్నగా ఉంటుందని.

"నన్ను క్షమించినట్టుంది," అంది ఆ సాయంత్రం ఉమ్మ్ రమ్జీతో, గొంతులో గర్వం దాచుకోలేక.

"నీ కుందేళ్ళ ఉసురు తీసుకుని శాంతించింది," అంది ఉమ్మ్ రమ్జీ.

ఆ నెలంతా పాము ఆమెని ఏమీ అనలేదు. దుప్పట్లు మడత పెడుతుంటే పక్కన పడుకునేది. ఇన్‌షిరాహ్ దానితో మాట్లాడటం కూడా మొదలుపెట్టింది. తర్వాత రషీద్ ఊరి నుంచి కొత్త కుందేళ్ళు వచ్చాయి. వాటిని బుట్టల్లోంచి తీసి గూళ్ళలో సర్ది, చనువు కొద్దీ నేరుగా గదిలోకి వచ్చి మూత ఎత్తింది. పాము ఆమె బొటనవేలిని పట్టుకుంది.

ఈసారి నీళ్ళ కుండ తనే వంపుకుని విడిపించుకుంది. గాయం పెద్దది కాదు. కానీ ఆమె నేల మీద కూర్చుండిపోయి, చిన్నపిల్లలా ఏడ్చింది. "ఏం చేశానే నీకు? నెల రోజులు మంచిగా ఉన్నావు కదే. ఏం చేశాను?"

మంచం మీంచి ఖమీస్ పిలిచాడు. పిలిచాడంటే, మంగళవారం అన్నాడు. ఆమె వెళ్ళింది. పాము కరవని ఆమె రెండో చేతిని అతను ఎడమచేత్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా వాసన చూసి, రెండు వేళ్ళు చెవుల్లా తన తల మీద నిలబెట్టాడు.

"గాడిదనంటావా నన్ను? అనుకో. నేనే అంటున్నాను."

కాదన్నట్టు తల ఊపాడు. వేళ్ళు అలాగే ఉంచి, వంకరపోయిన మూతితోనే, ముక్కు పుటాలు గబగబా ఎగరేశాడు. ఏదో నములుతున్నట్టు పై పెదవి ఆడించాడు. ఇన్‌షిరాహ్ కళ్ళు తుడుచుకుని చూసింది. నడివయసు దాటిన మొగుడు, సగం ఒళ్ళు పడిపోయి, మంచం మీద కుందేలయి కూర్చున్నాడు. ఆమెకి నవ్వు ఆగలేదు. అతనికీ ఆగలేదు.

"కుందేలు," అంది. "సరే, కుందేలు. అయితే?"

అతను ఆమె చేతిని చూపించాడు. పెట్టెను చూపించాడు. నోరు తెరిచి టక్కున మూశాడు. మళ్ళీ ఆ చేతిని వాసన చూసి, చెవులు పెట్టాడు. ఆ తర్వాత తన పడిపోయిన చేతి మీద ఎడమచేతిని రుద్దాడు, మోచేతి దాకా, అటూ ఇటూ, వేళ్ళ సందుల్లో కూడా. ఇది చలి కాదని అప్పటికి ఆమెకి తట్టింది. ఇది సబ్బు. ఇన్నేళ్ళూ రోజూ తను చూసిన సబ్బే.

"అంటే అది పట్టుకున్నది నన్ను కాదా? కుందేలనుకునా?"

ఖమీస్ కళ్ళు మూసి తెరిచాడు. అతనికి అవును అలా వచ్చేది.

తోసేసిన చెయ్యి, మాట్లాడని రోజులు, కడిగి కడిగి అరిగిపోయిన సబ్బులు, అన్నీ ఒక్కసారి ఇన్‌షిరాహ్ కళ్ళ ముందు తిరిగాయి. "ఒక్క ముక్క నోటితో చెప్పి ఉంటే ఏం పోయేది మనిషీ?" అంది. "నోరున్నన్నాళ్ళూ వాసన, వాసన అన్నావు. ఇప్పుడు చెవులు పెట్టుకుని చెప్తున్నావు."

లేచి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. మూత ఎత్తింది. అయినా పాము మెడ వంచి, తల ఎత్తి, సిద్ధంగా ఉంది. ఆమె వెనక్కి తగ్గింది. "కడుక్కున్నాను కదా, ఇదేమిటి మళ్ళీ?"

ఖమీస్ మంచం పట్టె మీద టక్, టక్ మని కొట్టాడు. పెట్టె పక్కన గోడకు ఆనించి ఉన్న తన చేతికర్రను చూపించాడు. ఆమె కర్ర అందుకుంది. దాన్ని కొట్టమంటున్నాడేమోనని భయపడింది. కాదు, అతను గాలిలో నెమ్మదిగా నిమిరి చూపించాడు. కర్ర కొసతో ఆమె పాము మెడ పక్కన మెత్తగా తాకింది. ఒకసారి, ఇంకోసారి. తాకినది తిండి కాదని దానికి తెలిసినట్టుంది. మెడలోని వంపు సడలింది. నాలుక ఆట నెమ్మదించింది. తల నేలకు దిగింది. అతను మంచాన పడ్డప్పటి నుంచీ తను ఆ మూత ఎత్తింది ఎక్కువగా కళ్ళు మూసుకుని ఒక కుందేల్ని లోపల వదిలి పరుగెత్తడానికే. మూత కదిలితే తిండి వస్తుందని అది అనుకోకుండా ఎలా ఉంటుంది?

రెండు చేతుల్తో నడుం దగ్గర పట్టి ఎత్తి, ఖమీస్ ఒళ్ళో వేసింది. అది అతని పడిపోయిన చేతి కింద దూరి ఆగింది. ఖమీస్ ఎడమచేత్తో నిమిరాడు.

అక్కడితో ఆమె మనసు కుదుటపడాలి. పడలేదు. అయితే దానికి తన మీద కోపం లేదు, సరే. ఆ ఎండాకాలం తన మెడ వెనక పడుకున్నది కూడా ప్రేమ కాదన్నమాట. సబ్బు వాసన, ఒంటి వేడి, అంతే. మరి ఇన్నేళ్ళూ తను కుళ్ళుకున్నది దేన్ని చూసి? ఖమీస్‌ని అయినా అది ఎరుగునా?

"నిన్ను గుర్తుపడుతుందా ఇది? నిజం చెప్పు."

ఖమీస్ పని చేసే భుజం ఒకటి పైకెత్తి దించాడు. తెలియదనో, అక్కర్లేదనో, ఆమె పోల్చుకోలేకపోయింది.

చలికాలంలో ఎండ పొడ ఉన్న రోజుల్లో ఇన్‌షిరాహ్ మిష్మిషాని భుజాన వేసుకుని గోడ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. శుక్రవారాలు మాత్రం వెళ్ళేది కాదు, అవి డాబాకి. పాముని ఎవరి మెడలో వెయ్యాలన్నా ముందు సీసాలో నీళ్ళు, సబ్బు ముక్క ఇచ్చి చేతులు కడుక్కోమనేది. దూరాన దక్షిణాది పల్లెల నుంచి వచ్చిన ఒకావిడకి ఆ మాట మనసుకు తగిలింది. "మా చేతులు అంత మురికిగా కనబడ్డాయా నీకు?" అంది. ఇన్‌షిరాహ్ చెప్పబోయింది. తిండి, వాసన, మూత, కర్ర, ఎక్కడ మొదలెట్టాలో తోచక, "వాసనమ్మా," అని ఊరుకుంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిన తీరుకి తనే తెల్లబోయింది.

వసంతం వచ్చేసరికి పాము పట్టుకోవడంలో తనకి వంక పెట్టేవాళ్ళు లేరనుకుంది. అప్పుడొక పొద్దున, చేతులు శుభ్రంగా కడుక్కుని, కర్రతో తాకి, అన్నీ వరసగా చేసి మూత ఎత్తితే, మిష్మిషా బుస కొట్టింది. అంతకు ముందు అది ఆమె మీద ఎప్పుడూ బుస కొట్టలేదు. తల ముందుకు రాలేదు, వెనక్కి పోయి చుట్లలో దాక్కుంది. కళ్ళు రెండూ పాల నీళ్ళు పోసినట్టు తెల్లబడి ఉన్నాయి. ఒంటి రంగు మసకేసింది.

"ఇదిగో మనిషీ, దీనికి కళ్ళు పోయాయేమో చూడు," అంది కంగారుగా.

ఖమీస్ మంచం మీంచి మెడ సాచి చూశాడు. అతని ముఖంలో కంగారేమీ లేదు. ఎడమచేత్తో పడిపోయిన చేతి చొక్కాను భుజం నుంచి మెల్లగా, ఒంటి మీది పొర ఒలిచినట్టు, కిందికి లాగడం మొదలుపెట్టాడు. ఉక్కపోస్తోందా, చొక్కా విప్పమంటున్నాడా, లేక పాము గురించే ఏమైనా చెప్తున్నాడా? ఆమె అతన్ని చూసింది, పాముని చూసింది. ఏదీ తేలలేదు.

"సరేలే. ఇవాళ నీ జోలికి రాను," అని పాముకి చెప్పి మూత వేసింది. కిటికీ తెరిచి, అతని చొక్కా గుండీలు రెండు విప్పి, పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తే వంటింట్లోకి వెళ్ళింది.